కడలి చెంప, కొండ చెంప

ఈ కథ అబద్ధమనే మొనగాడెవరైనా ఉంటే ముందుకొచ్చి కూర్చోండి. వెనక నుంచి గొణగొద్దు.

వెనకటికి, వెనకటికన్నా వెనకటికి, ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏభయ్యారు దేశాల పేర్లూ ముగ్గురికీ కంఠతా వచ్చు. పెద్దవాడు ఏడు సముద్రాలు దాటి ముక్తాద్వీపం వెళ్ళి, కరాళదంతుడనే మాంత్రికుడి అడవిలో రాయైపోయాడు. అన్న కోసం వెళ్ళి రెండోవాడూ రాయైపోయాడు. అన్నలిద్దరి కోసం మూడోవాడు మణికేతుడు ఏడు సముద్రాలూ ఈదాడు. అవును, ఈదాడు. పడవైతే ఆలస్యమనుకున్నాడు.

ద్వీపం రాజుగారు ఆదరించి భోజనం పెట్టించారు. రాజకుమారి ముక్తావళి అతన్ని చూసి, "రాకుమారా, మీ కడలి చెంప మీద మెతుకుంది" అంది. మణికేతుడు నుదురు తుడుచుకున్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది.

ఆ దీవిలో తూర్పూ పడమరా లేవు, కుడీ ఎడమా లేవు. నడుమ కొండ, చుట్టూ కడలి. ఉన్నవి ఆ రెండు దిక్కులే. మా ఊరి నుంచి సముద్రానికి మూడు నెలల నడక అని అతనంటే, మరి మీ ఇంటికి దారెలా తెలుస్తుందని ఆమె జాలిపడింది.

మణికేతుడు సిగ్గుపడలేదు. ఏభయ్యారు దేశాలూ పక్కన పెట్టి, కళ్ళకు గంతలు కట్టుకుని మూడు నెలలు ఆమె దగ్గర శిష్యరికం చేశాడు. ఉప్పుగాలి తగిలితే కడలి చెంప. చెట్ల చల్లదనం తగిలితే కొండ చెంప. చివరికి నిద్రలో పొర్లినా ఎటు పొర్లుతున్నాడో చెప్పి మరీ పొర్లేవాడు.

మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. కడలిని ఒక చెంపకీ కొండని ఒక చెంపకీ ఉంచుకుని నడిస్తే చిలక చెట్టు వస్తుంది. ఆ సంగతి దీవిలో అందరికీ తెలుసు గాని, దీవివాళ్ళు ఆ అడవిలో అడుగుపెడితే కాళ్ళు పడిపోయే శాపం.

మణికేతుడు అడుగుపెట్టాడు. సూర్యుడన్నవాడు కనపడని పొగమంచు. తూర్పుకి రమ్మని చిలక పిలిచింది. లేని తూర్పు కోసం తిరిగి తిరిగి అన్నలిద్దరూ రాళ్ళయింది ఆ పిలుపు వినే. ఇతను తన దారిన నడిచాడు. పడమరకి రమ్మంది. నడుస్తూనే ఉన్నాడు. మూడోసారి ఉత్తరానికి రమ్మంది.

"ఆ దిక్కులు మా ఊళ్ళో వదిలి వచ్చాను చిలకమ్మా. ఇక్కడివి ఇక్కడే నేర్చుకున్నాను" అంటూ చెట్టెక్కి దాని మెడ పట్టుకున్నాడు.

చిలక మెడ విరగడం, మాంత్రికుడు కూలడం ఒక్కసారే. ఆ అదురుకి ఏడు సముద్రాలూ ఒలికి మళ్ళీ నిండాయి. అన్నలు కళ్ళు నులుముకుంటూ లేచి, తూర్పెటురా తమ్ముడూ అని అడిగారు.

మణికేతుడు ముక్తావళిని పెళ్ళాడి, ఈసారి పడవలోనే, తన దేశం తీసుకొచ్చాడు. అక్కడంతా చదును నేల. ఆమెకు వాకిట్లోకి దారి తోచలేదు. వెంటనే ఊరికి ఒక పక్క కొండ పోయించాడు, ఒక పక్క సముద్రమంత చెరువు తవ్వించాడు. రెండు దేశాల దిక్కులూ పలుకుతూ నూరేళ్ళు ఏలారు.

నమ్మనివాళ్ళు ఆ కొండకు మట్టి మోసిన మనిషిని పోయి అడగండి. పేరు ఓబన్న.