రేకుపెట్టె తెరవని ఆదివారం

కోదండపాణి గారికి ఒక అలవాటు. ఎవరేం అడిగినా కాసేపు గడ్డం గోక్కుని, జవాబుకు బదులు ఎవరి గొడవో ఎత్తుకుంటారు. ఆ రోజు అడిగింది శిష్యురాలు మాణిక్యం. ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా చేరి రెండు నెలలైంది, ఒళ్లు మండిపోతోంది.

"పిల్లల్ని చేర్చిన రోజు తల్లులు 'ఇక్కడ తల్లీ తండ్రీ మీరే' అన్న కాగితం మీద వేలిముద్ర వేస్తారు. మళ్లీ వచ్చి మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూస్తారు. బాధ్యత ఇచ్చాక ఇంకా అనుమానం దేనికి గురువుగారూ?"

"వరహాలమ్మ అని ఒక వార్డెనుండేది," అన్నారాయన.

ఆదివారం వస్తోందంటే వరహాలమ్మ గుండెల్లో రాయి పడేది. గౌరి తల్లి చిన్నమ్మి వస్తుంది కదా! వచ్చి, కూతురి రేకుపెట్టె తెరిచి బట్టలన్నీ దులిపేది. దెబ్బలేమన్నా ఉన్నాయేమోనని జబ్బలు తిప్పి చూసేది. "పిల్ల సిక్కిపోనాదేటి?" అని నిలదీసేది. నేనేమన్నా దీన్ని కొరుక్కు తింటున్నానా అని వరహాలమ్మ లోలోపలే ఉడికిపోయేది.

ఒక మంగళవారం పొద్దున్నే ఒకతను ఉత్తరం పట్టుకుని దిగాడు. గౌరి అమ్మమ్మ మంచాన పడింది, మనవరాలిని కలవరిస్తోంది, పంపమని రాసి ఉంది. కింద చిన్నమ్మి వేలిముద్ర. "నాను దీని మేనమావనమ్మా," అన్నాడు. గౌరి కూడా "మావయ్యే" అంటూ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. అంతా సవ్యంగానే ఉంది. వరహాలమ్మకు నచ్చనిది అదే. వేలిముద్ర ఎవరిదైతే మాత్రం చూపుకు ఏం తేడా తెలుస్తుంది? మేనమామే అయినా, ఏ పుట్టలో ఏ పాముందో! చిన్నమ్మికి ఫోను కలవలేదు. పంపకపోతే ముసలమ్మ పిల్లను చూడకుండానే పోతుందేమో.

హాస్టలు తాళాలు అక్కడి టీచరమ్మకు అప్పగించి తనూ బస్సెక్కింది. మామకూ పిల్లకూ మధ్యన కూర్చుంది. మూడు గంటల ప్రయాణం. అతను పిల్లకు పకోడీలు కొనిస్తే, ముందు తను ఒకటి నమిలి చూసి గాని ఇవ్వలేదు. "ఇంకేటి అనుమానం తల్లీ!" అని అతను మొత్తుకున్నాడు.

ఊళ్లో చిన్నమ్మి ఎదురొచ్చింది. ఉత్తరమూ నిజమే, తమ్ముడూ నిజమే. సంగతి విని కస్సుమంది: "నా తోడబుట్టినోడినే దొంగోణ్ణి సేసీసినావేటి?" వరహాలమ్మ సిగ్గుతో చితికిపోయింది. అయినా గౌరి చెయ్యి తల్లి చేతిలో పెట్టేదాకా వదల్లేదు. ముసలమ్మ మనవరాలిని కళ్లారా చూసుకుంది.

తర్వాతి ఆదివారం చిన్నమ్మి వచ్చింది. కూతురికి తల దువ్వింది, జంతికలు పెట్టింది, బస్సు వేళకు లేచి వెళ్లిపోయింది. రేకుపెట్టె మూత మూసినట్టే ఉంది.

"అయితే ఆ తల్లికి అనుమానం పోయిందన్నమాట," అంది మాణిక్యం.

"పోవడమేమిటమ్మా," అన్నారు గురువుగారు. "అదీ నెత్తిన ఉన్న బరువులాంటిదే, ఇంకొకరు అందుకుంటేనే కదా దిగేది."