సున్నపు తలగడ

కన్నయ్య శెట్టికి కొత్తింట్లో నిద్ర పట్టడం లేదు.

రంగూన్‌కి తెరచాప ఓడలు నడిచే రోజులవి. కోరంగి రేవులో అంత ఇల్లు మరొకటి లేదు. స్తంభాలు రంగూన్ టేకు, గోడలకి గానుగ సున్నం. వీధి గుమ్మం నుంచి పడకగది దాకా తలుపు వెనక తలుపు, ప్రతి తలుపుకీ తాళం. ఆ తాళాల గుత్తి శెట్టి మొలకి వేలాడేది. పడుకున్నాక వీధి తలుపు వేశానా అని అనుమానం. లేచి చూసొస్తే పెరటి తలుపు మీద అనుమానం. గృహప్రవేశం నాటి నుంచీ ఇదే వరస. దొంగలు మాత్రం ఆ వీధికి రాలేదు. వాళ్లు హాయిగా పడుకునే ఉంటారు. శెట్టే సగమైపోయాడు.

ఒకరోజు పొద్దున్నే గురువు చిదంబరస్వామి దగ్గరికి వెళ్లి కూలబడ్డాడు.

"అలిసిపోయాను స్వామీ. నిద్రకి ఏదైనా మంత్రం ఉంటే చెప్పండి."

స్వామి మంత్రం చెప్పలేదు. తన మూట తీసి శెట్టి నెత్తిన పెట్టాడు. "పద, అలా తిరిగొద్దాం."

రేవు దాటి, ఉప్పుమళ్ల గట్టు పట్టుకుని నడిచారు. గురువు వెంట చెప్పులు తొడగరు గనక శెట్టి కాళ్లు బొబ్బలెక్కాయి. ఎండ ముదిరాక ఊళ్లోకి మళ్లి, స్వామి ఓ ఇంటి ముందు ఆగాడు. అది శెట్టి ఇల్లే.

"లోపలికి దయచెయ్యండి స్వామీ" అంటూ శెట్టి గుత్తి తీయబోయాడు.

"ఎందుకయ్యా. దారిన పోయేవాళ్లం, అరుగు చాలు."

అరుగుకి రెండు చివర్లా తల ఆన్చుకోవడానికి సున్నంతో కట్టిన దిమ్మలున్నాయి. బాటసారుల కోసం అందరూ కట్టిస్తారు గనక శెట్టీ కట్టించాడు. తనెప్పుడూ వాటి మీద తల పెట్టలేదు. ఇల్లుగలవాడు అరుగు మీద పడుకుంటే నలుగురూ నవ్వరూ?

స్వామి మాత్రం ఒక చివర పడుకున్నాడు. ఒళ్లు తూలిపోతుంటే శెట్టి రెండో చివర ఒరిగాడు. నలుగురూ చూస్తారని కండువా ముఖం మీదికి లాక్కున్నాడు. గుత్తి పక్కలో గుచ్చుకుంటుంటే తీసి కింద పెట్టాడు. సున్నం మెడకి చల్లగా తగిలింది.

కళ్లు తెరిచేసరికి ఎండ వాలిపోయింది. తల దగ్గర మజ్జిగ చెంబు ఉంది. అరుగు మీది బాటసారులకి ఆ ఇంటి పెరట్లోంచి రోజూ వచ్చే మజ్జిగే. తెచ్చిన మనిషి యజమానిని పోల్చుకోలేదు.

స్వామి అప్పటికే తన చెంబు ఖాళీ చేశాడు.

"చల్లటి అరుగు" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఎవరు కట్టించారో గానీ మారాజు. పాపం, ఆయనకి లోపల నిద్ర పడుతోందో లేదో."

శెట్టి మజ్జిగ తాగి, మళ్లీ ఆ దిమ్మ మీదే తల పెట్టుకున్నాడు.