వేళ్ళకు అందని సవ్వడి

మన్యం కొండల మధ్య ఒక చిన్న ఆసుపత్రిలో మందాకిని అనే పురుళ్ళ డాక్టరు ఉండేది. చేయి తిరిగిన మనిషే కానీ, తన వేళ్ళ మీద తప్ప ఆమెకు మరి దేనిమీదా నమ్మకం ఉండేది కాదు. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడును మెత్తగా పట్టుకుని కళ్ళు మూసుకునేది. అందులో నాడి కొట్టుకుంటుంటే, ఆ పసిగుండె తన గుప్పిట్లోనే ఉన్నట్టు మురిసిపోయేది.

గుండె లయను గీతగా చూపే యంత్రం ఒకటి ఆసుపత్రికి వచ్చింది. బిడ్డ ఒంటికి చిన్న చిన్న బిళ్ళలు అంటిస్తే చాలు, తెర మీద గుండె కదలిక కనిపిస్తుంది. దాన్ని కాన్పుల గదిలో ఉంచుదామని నర్సు సునంద చాలాసార్లు అడిగింది. మందాకిని నవ్వేది. "నువ్వు బిళ్ళలు అంటించేలోపు నా వేళ్ళు చెప్పేస్తాయి" అనేది. యంత్రం గుడ్డ కప్పుకుని పక్కగదిలోనే ఉండిపోయింది.

శ్రావణమాసంలో ఒక ఉదయం వానతో పాటు మబ్బులు కొండ దిగి ఆసుపత్రి వసారాలోకి వచ్చేశాయి. కిటికీలో చెట్లు లేవు, దారి లేదు, అంతా తెల్లగా ఉంది. ఆ తెలుపులో చిలకమ్మకు కాన్పయింది. ఇంతకుముందు ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆమె.

ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. తడిసిన పూరేకులా వాలిపోయింది. సునంద వెంటనే ఒళ్ళు తుడిచి, ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, దానికున్న గాలి సంచి నొక్కుతూ ఊపిరి అందించసాగింది. మందాకిని బొడ్డుతాడు పట్టుకుంది. ఏమీ తగల్లేదు. వేళ్ళు జరిపి చూసింది. నిశ్శబ్దం.

"గుండె ఆగిపోయినట్టుంది" అంది లోగొంతుకతో.

సునంద చేయి ఆపలేదు. మందాకినికి మాత్రం తాను ఏదో లోతైన నీళ్ళలోకి జారిపోతున్నట్టు, గది దూరమవుతున్నట్టు అనిపించింది. అప్పుడు మంచం మీంచి చిలకమ్మ అడిగింది.

"పాప నిదరోతందా, డాక్టరమ్మా?"

మందాకిని తన వేళ్ళ వంక చూసుకుంది. ఆ తల్లికి ఏమని చెప్పాలి? తనకు తగల్లేదంతే. తగలకపోతే లేనట్టేనా?

గబగబా స్టెతస్కోపు అందుకుని పసిగుండె మీద పెట్టింది. రేకుల కప్పు మీద వాన హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఇక ఆలోచించలేదు. పరుగున వెళ్ళి తనే యంత్రం తెచ్చింది. బిళ్ళలు అంటించింది.

తెర మీద పచ్చని గీత తిన్నగా సాగింది. అంతలో చిన్న అల లేచింది. కాస్త ఆగి మరొకటి. పొగమంచులో ఎవరో నెమ్మదిగా నడిచి వస్తున్నట్టుంది.

"ఉంది, సునందా. మన పిల్ల ఉంది."

మందాకిని మాస్కును సరిగ్గా అదిమి పట్టుకుంది. సునంద సంచి నొక్కింది. చిన్న ఛాతీ ఈసారి బాగా పొంగింది. అలలు దగ్గరయ్యాయి, వడి అందుకున్నాయి. పెదవులకు ఎరుపు వచ్చింది. వాన కాస్త తెరిపిచ్చిన వేళ పాప సన్నగా మూలిగి, ఆ తర్వాత గది నిండేలా ఏడ్చింది.

బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెడుతూ మందాకిని జరిగిందంతా దాచకుండా చెప్పింది, తాను పొరబడబోయిన సంగతి కూడా. చిలకమ్మ పాప తల నిమురుతూ విని, "మళ్ళీ చూసినావు కదమ్మా, అది చాలు" అంది.

ఆనాటి నుంచి మందాకిని బొడ్డుతాడు పట్టుకున్నా, చెవితో విని, తెర మీద చూశాకే మాట చెప్పేది.

నీతి: మనకు తెలియనంత మాత్రాన లేదనుకోకూడదు, ఎంత నేర్పరి అయినా తన నమ్మకాన్ని మరోసారి సరిచూసుకోవాలి.