కదురమ్మ రాసిన శిస్తు కబురు

అనగనగా ఒక అడవిలో, అన్ని అడవుల్లో లాగే, ఒక సింహం, ఒక నక్క ఉండేవి. వాటితో పాటు శిస్తు కూడా ఉండేది, పిల్లలూ! ఏడాదికోసారి ప్రతి ఇల్లూ తన తిండిలో పదో వంతు సింహానికి ఇవ్వాలి. వసూలు చేసేది నక్క సుంకయ్య.

శిస్తు గురించి సింహం ఏం చెప్పినా టేకాకు మీద రాసి, వాగు ఒడ్డున మద్దిచెట్టుకు గుచ్చేవారు. దాని పేరు 'శిస్తు కబురు'. రాసేది కదురమ్మ అనే ముళ్ళపంది. తన ముల్లే తన కలం, ఒక్కో కబురుకు ఒక్కో ముల్లు అరిగిపోయేది. ఆ కబురు మొదలుపెట్టిన ముసలి వడ్రంగిపిట్ట, రాసేవాళ్ళకు ఒక కట్టుబాటు పెట్టి పోయింది. "ఎవరికోసం రాశావో వాళ్ళకే ముందు చదివి వినిపించు. విన్నవాళ్ళు తిరిగి చెప్పలేకపోతే తప్పు నీది. మళ్ళీ రాయి."

ఆ ఏడు తూర్పు లోయ తగలబడింది. దాచుకున్న తిండి బూడిదైంది. సింహం జాలిపడి, "లోయవాళ్ళకు ఈ ఏడు శిస్తు మాఫీ. పున్నమిలోపు వచ్చి నా ముందు పాదముద్ర వేస్తే చాలు. రానివాళ్ళు మాత్రం కట్టాలి" అంది.

సుంకయ్యకు ఇది నచ్చలేదు. వసూలైన దాంట్లో వాడికి వాటా ఉంది మరి! వెంటనే తానే ఒక వాక్యం అల్లి తెచ్చాడు.

"ఇది రాయి కదురమ్మా. రాజుగారి మాట రాజసంగా ఉండాలి."

కదురమ్మ దాన్ని లోయలో ఉండే కుందేలు గరికమ్మకు చదివి వినిపించింది. "పూర్వోక్త దావానల పీడిత ప్రదేశ నివాస ప్రాణికోటికి పాదముద్రాంకన పూర్వక శిస్తు విముక్తి అనుగ్రహింపబడినదని..."

గరికమ్మ కళ్ళు చెమర్చాయి. "అయ్యో! ఎవరక్కా పోయింది?"

"ఎవరూ పోలేదే తల్లీ. నీకు శిస్తు లేదని దాని అర్థం."

"ఆ ముక్కే చెప్పొచ్చుగా! నలుగురు పిల్లలకు ఆరే దుంపలు మిగిలాయి. అవీ పట్టుకుపోతారేమోనని నేను హడలి చస్తున్నా!"

కదురమ్మ ఆ ఆకు అవతల పారేసింది. కొత్త ఆకు తీసుకుంది. "తూర్పు లోయవాళ్ళు ఈ ఏడు శిస్తు కట్టక్కర్లేదు. పున్నమిలోపు సింహం దగ్గరికి వచ్చి పాదముద్ర వేయండి. రాకపోతే కట్టాలి" అని రాసింది. గరికమ్మ గడగడా తిరిగి చెప్పింది. ఆకు చెట్టెక్కింది.

సుంకయ్య చూసి చర్రున చింపేశాడు. "ఇది రాజభాషా, సంతలో కేకా?"

"సంతలో కేకైతే అందరికీ వినబడుతుంది బావా" అంటూ కదురమ్మ మరో ముల్లు పీక్కుంది. నొప్పికి కళ్ళు తిరిగాయి. అయినా అదే కబురు మళ్ళీ రాసింది.

సుంకయ్య రెండోసారీ చింపాడు. "నా మాట విను. నీ ఇంటికి ఇక జన్మలో శిస్తు ఉండదు."

"ఆ సంగతి కూడా కబురులో రాయనా?"

సుంకయ్య నాలుక కరుచుకున్నాడు. మూడోసారి కదురమ్మ ఆకు గుచ్చగానే పళ్ళు నూరుతూ లాగి పడేశాడు. "ఇంకోసారి ఈ చెట్టు దగ్గర కనబడితే నీ బొరియ పూడ్పిస్తా!"

కదురమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. "పూడ్చుకో. ఇంకోటి తవ్వుకుంటాను. అర్థం కాని కబురు మాత్రం నా ముల్లుతో రాయను."

సుంకయ్య అన్నంత పనీ చేశాడు. బొరియ పూడ్పించి, చెట్టు కింద కాపలా కూర్చున్నాడు. ఆకుల్ని చింపగలిగాడు గానీ, గరికమ్మ నోరు ఎలా కడతాడు? గరికమ్మ పొరుగింటికి చెప్పింది. వాళ్ళు పూరేడు పిట్టలకు చెప్పారు. పిట్టలు లోయంతా చెప్పాయి. చిన్న మాట కదా, ఎవరి నోట్లోనూ చెడలేదు.

పున్నమి నాటి ఉదయానికి లోయ లోయంతా సింహం ముందు బారులు తీరింది.

"చెట్టుకు ఆకే లేదు. ఇదంతా మీకెలా తెలిసింది?" అంది సింహం.

గరికమ్మ ఒక్క గుక్కలో కబురంతా అప్పజెప్పింది. అది రాసినందుకు కదురమ్మ బొరియ పూడ్పించారనీ చెప్పింది.

"మరి ఆకు ఏమైంది సుంకయ్యా?"

"భాష బాగోలేదని చింపాను ప్రభూ."

సింహం బారు చివరిదాకా చూసింది. "బాగోలేని భాషకే ఇంతమంది వచ్చారే! వెళ్ళు. ముందు కదురమ్మ బొరియ తవ్విపెట్టి రా."

నీతి: ఎవరికోసం రాస్తామో వాళ్ళకు అర్థమయ్యేలా రాసిన మాటను ఎవరూ చింపలేరు.