సన్నడు గెలిచిన రాయి

దేవరగుట్ట అడవిలో కుందేళ్లు, ముంగిసలు, కంజుపిట్టలతో పాటు బోలెడు తొండలుండేవి. వాగుకు ఇవతల, పొద్దుటి ఎండ ముందుగా పడేది ఒక్క ఏనుగురాయి మీదే. ఎండ తగిలితేగానీ తొండలకు కాళ్లాడవు. కాళ్లాడితేగానీ పురుగు దొరకదు.

ఆ రాయి బండడనే పెద్ద తొండది. రోజూ పొద్దున్నే రాయెక్కి, ఎర్రటి మెడ ఉబ్బించి, తల పైకీ కిందికీ ఆడించేవాడు. నాతో కలబడేవాడెవడని దానర్థం. సన్నడనే చిన్న తొండ ఆ తల చూడగానే పొదలోకి దూరేవాడు. సగం రోజు ఆకలితోనే గడిచేది.

ఆ ఏడు వానలు ముదిరాక, ఒక పొద్దున బండడు తల కాస్త ఆడించి ఆపేశాడు. సన్నడు ధైర్యం చేసి రాయెక్కాడు. బండడు నాలుగడుగులు తరిమి, నోరు తెరిచి రొప్పుతూ కూలబడ్డాడు. సన్నడు ఒక్క తోపు తోశాడు. బండడు దొర్లి కిందపడ్డాడు.

"చూశావా అత్తా! కొండంతవాణ్ణి పడేశాను!"

రాతి సందులో ఉండే, నున్నటి ఒంటి బల్లిలాంటి ముసలి నలికిరి నునుపమ్మ తల బయటపెట్టింది.

"చూశాన్లే. వాడి మెడ చూశావా నువ్వు? ఎరుపంతా వెలిసిపోయింది. వాగు చెమ్మలో ఇసుక ఈగలు కుట్టి, వాడి నెత్తుట్లో మలేరియా క్రిమి చేరిందిరా. మనుషులకొచ్చేది కాదు, మన జాతికొచ్చేది. వాణ్ణి పడేసింది అది. ఆఖర్న నువ్వొక చెయ్యి వేశావంతే."

"కంటికి కనపడని పురుగు బండణ్ణి పడేస్తుందా? నన్ను చూసి ఓర్వలేకపోతున్నావు!"

"ఎండ దొరికిందిగా. కాచుకుని ఊరుకో."

సన్నడు ఊరుకోలేదు. వాగు దాటి అవతలి గుట్టకు వెళ్లాడు. అక్కడ గాలెక్కువ. చెమ్మ లేదు, ఇసుక ఈగలూ లేవు. గుట్ట మీద బండడంత తొండ ఒకటి ఎండ కాచుకుంటోంది. సన్నడు మెడ ఉబ్బించి తలాడించాడు.

ఆ తొండ జవాబుగా తలైనా ఆడించలేదు. వచ్చి, మెడ పట్టుకుని విదిలించి, వాగులో పారేసింది.

సన్నడు ముందుకాలు ఈడ్చుకుంటూ ఏనుగురాయి దగ్గరికొచ్చాడు. ఎక్కలేకపోయాడు. రాతి మొదట్లో బండడు పడుకుని ఉన్నాడు.

"ఎవడ్రా కొట్టింది?"

"నీ అంతవాడే."

"అయితే నేనెలా ఉండేవాణ్ణో నీకిప్పుడు తెలిసిందన్నమాట" అని, బండడు కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు.

రాతి మీద ఎండంతా ఆ రోజు నునుపమ్మదే.

నీతి: ఎదుటివాడి జబ్బును మన బలం అనుకోకూడదు.