వానచుక్క పడని దుంగల ఇల్లు

తవుడు ఇంట్లోవాళ్ళకున్నంత తెలివి గుమ్మడిగెడ్డ ఊరు మొత్తం గాలించినా దొరకదు. ఈ మాట నేనన్నది కాదు, తవుడే అన్నాడు. పెళ్ళాం గైరమ్మ, తమ్ముడు ఎరకయ్య అవునవునని తలలూపారు. ముగ్గురూ ఒప్పేసుకున్నాక కాదనడానికి మనమెవరం?

ఆ కొండల్లో అడవి కొట్టుకుని మొదట కాపురాలు పెట్టినవాళ్ళు గోడలకు కూడా దుంగలే పేర్చుకునేవాళ్ళు. అలాంటి ఇళ్ళు కూలిపోగా మిగిలినవాటిని ఏరి తెచ్చి, చూడవచ్చే జనం కోసం 'పాతూరు' అని ఒక ఊరు నిలబెట్టారు. అందులో అన్నిటికన్నా పాత ఇల్లు తవుడు నాయనమ్మ పోలమ్మ పుట్టిన ఇల్లే. దాని కాపలా తవుడు వాళ్ళకే ఇచ్చారు. సాలూరులో కూతురి దగ్గరుంటున్న పోలమ్మ కబురు పంపింది. "పదిమందికీ చూపించే ముందు నేనొక్కసారి నా గడప దాటి నా ఇంట్లోకి వెళ్ళాల్రా. ఇంకే కోరికా లేదు నాకు."

ఆవిణ్ణి తీసుకురావడానికి బయల్దేరుతూ పాతూరు మేనేజరు సుందర్రావు మరీ మరీ చెప్పాడు. "తవుడూ, ఈ ఇంటిమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. కంచె లోపల కొత్తదన్నది కనపడకూడదు. ఇంటిమీద ఒక్క వానచుక్క పడకూడదు. పడితే ఇంకేం ఇల్లు, ముసలావిడ గుండె పగిలిపోతుంది."

"మీరు నిశ్చింతగా వెళ్ళి రండి బాబూ" అన్నాడు తవుడు.

అంతే! జీపు మలుపు తిరగ్గానే పని మొదలు. చెయ్యి వెయ్యకూడదు కదా, తలుపు తలతో నెట్టారు. గైరమ్మ చీపురు నోట కరుచుకుని ఊడ్చింది. ఆ తర్వాత కొత్తవేమున్నాయా అని వెతికారు. చేట, బిందె, ఎరకయ్య చెప్పులు, అన్నీ కంచె అవతలికి పోయాయి. ఇంకేమైనా మిగిలిందా అని చూస్తే పొయ్యి దగ్గర ఎరకయ్య పెళ్ళాం నీలవేణి కనపడింది. పెళ్ళయ్యి ఇంకా నెల కాలేదు.

"ఒరే తమ్ముడూ, ఇది కొత్త కోడలు కదరా!"

ఎరకయ్యకి ప్రాణం ఉసూరుమంది. కానీ నాయనమ్మ ఇల్లాయె! "పాతబడ్డాక వద్దువుగానిలే" అని కళ్ళు తుడుచుకుంటూ ఆమెని కంచె దాటించాడు. నీలవేణి చెంపన చెయ్యి పెట్టుకుని రాతిమీద కూర్చుంది.

మర్నాడు మబ్బు పట్టింది.

"ఇల్లు తడిసిపోద్ది మావా! పైన పాక వెయ్యాల" అంది గైరమ్మ.

"అడివికెళ్ళి కర్ర కొట్టుకొస్తా" అన్నాడు ఎరకయ్య.

"ఇప్పుడు కొట్టిన కర్ర కొత్తది కాదట్రా, బుద్ధి లేనోడా!" అని కసిరాడు తవుడు.

ముగ్గురూ తలలు పట్టుకున్నారు. పాత కర్ర ఎక్కడ దొరుకుతుంది? తవుడు మెల్లగా తలెత్తి ఇంటివైపు చూశాడు. "ఒరే, ఇంత ఇంట్లోంచి ఒక్క దుంగ తీస్తే ఇంటికేటి తెలుస్తాది?"

ఇంకేముంది! మోకాళ్ళతో నెట్టి, భుజాలతో మోసి, కాళ్ళతో దొర్లించి, చెయ్యి మాత్రం వెయ్యకుండా ఒక దుంగ లాగారు. అది చాల్లేదు, ఇంకోటి లాగారు. అదీ చాల్లేదు, గోడ మొత్తం లాగారు. పాకకి కప్పు కావాలి కదా, ఇంటి కప్పు తీసుకెళ్ళి పాకకెక్కించారు.

కంచె అవతల నుంచి నీలవేణి అరిచింది. "బావగారూ, పాక బాగానే ఉంది. దాని కింద ఇల్లేదండీ?"

"కొత్తది కదా, పాపం, దానికేం తెలుసు!" అని ముగ్గురూ పడీపడీ నవ్వారు.

ఆఖరికి గడప ఒక్కటే మిగిలింది. పాక ఓ పక్కకి ఒరుగుతుంటే ఆ గడపనే నిలువుగా ఊత పెట్టేశారు. వాన దంచి కొట్టింది. పాక కింద నేల మాత్రం పొడిపొడిగా ఉంది. "చూశారా, ఇంటిమీద ఒక్క చుక్క పడితే ఒట్టు!" అని తవుడు మీసం దువ్వుకున్నాడు.

వాన వెలిసేసరికి జీపు వచ్చింది. మేనేజరు దిగాడు, చేతిలో కొత్త గొడుగుతో పోలమ్మ దిగింది.

"ఇల్లేదిరా?" అన్నాడు మేనేజరు.

"పాక కింద భద్రంగా ఉంది బాబూ."

"పాక కింద ఏమీ లేదు కదరా!"

"అయితే మరీ మంచిది కదండీ, తడవడానికేముంది?"

మేనేజరు బురదలోనే కూలబడ్డాడు. పోలమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "గోడలు పోతే పోయాయి, నా గడపేదిరా తవుడూ? గడప దాటకుండా నేను అడుగు పెట్టను."

"అదెంత పని నాయనమ్మా!" అని అన్నదమ్ములిద్దరూ గడపకి వీపులానించి ఒక్క తోపు తోశారు.

అంతే! పాక మొత్తం దడదడా కూలింది. ఇద్దరూ ఒక్క గెంతులో బయటపడ్డారు కాబట్టి సరిపోయింది. గడప దొర్లుకుంటూ వచ్చి పోలమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. ముసల్ది వంగి దానికి దణ్ణం పెట్టి, కుడికాలు ముందు పెట్టి దాటింది. "వచ్చానే అమ్మా" అని భోరుమంది.

అప్పుడే మళ్ళీ వాన అందుకుంది.

"ఇల్లు తడుస్తోందిరోయ్!" అంటూ తవుడు దుంగల కుప్ప మీద బోర్లా పడుకున్నాడు. పక్కన గైరమ్మ పడుకుంది, ఆ పక్కన ఎరకయ్య. పోలమ్మ గొడుగు విప్పబోయింది.

"నాయనమ్మా, ఆ గొడుగు కొత్తదే!" అని అరిచాడు తవుడు.

పోలమ్మ నాలిక్కరుచుకుంది. ఎంతైనా వాళ్ళ నాయనమ్మే కదా! గబగబా కంచె దగ్గరికెళ్ళి గొడుగు నీలవేణి చేతిలో పెట్టింది. "నువ్వూ కొత్తే, ఇదీ కొత్తే, ఇద్దరూ బయటే ఉండండి" అని చెప్పి, తిరిగొచ్చి కుప్ప మీద తనూ బోర్లా పడుకుంది. నీలవేణి గొడుగు కింద ఒక్క చుక్క తడవకుండా కూర్చుని అందర్నీ చూస్తోంది.

తవుడు తల తిప్పి మేనేజర్ని కేకేశాడు. "బాబూ, మీరు పాతవారే కదా! ఈ మూల ఇంకో దుంగ తడుస్తోంది, కాస్త వచ్చి పడుకోండి!"