ఉప్పుపర్రలో రాజుగారి ఉయ్యాల

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే మహారాజు ఉండేవాడు. ఎంత రాజనుకున్నారు! ముందు ఆయన మీసాలు సభలోకి వచ్చేవి, వాటి వెనక ఓ గడియ ఆగి ఆయన వచ్చేవాడు. ఆయన కిరీటం ఎత్తడానికి ఎనిమిది మంది, దించడానికి నలుగురు, ఈ మధ్యలో నెత్తి గోకడానికి ఒకడూను.

ఆయనకి రెండే పిచ్చులు. మొదటిది శాసనాలు వేయించడం. తుమ్మితే ఒక శాసనం, ఆ తుమ్ము సగంలో ఆగిపోతే ఇంకో శాసనం. రాజ్యంలో మనుషుల కన్నా శాసనపు రాళ్లే ఎక్కువైపోయి, దారిన పోయే ఎద్దులు కూడా ఆగి నాలుగు ముక్కలు చదువుకుని మరీ పోయేవి. రెండోది ఉయ్యాల నిద్ర. ఓడ వర్తకులు కానుకిచ్చిన పట్టుతాళ్ల వల ఉయ్యాల ఒకటుంది. దాన్ని రెండు చెట్లకి కట్టి అందులో పడుకోబెడితేనే ఆయనకి కునుకు. హంసతూలికా తల్పం వేసినా రెప్ప వాలేది కాదు.

అలాంటి రాజు ఒక వేసవిలో సముద్రపు ఒడ్డునున్న ఉప్పుపర్రకి వేంచేశాడు.

పర్ర అంటే అదొక తెల్లటి ఎడారి. చెట్టన్న మాట లేదు. కాకి వాలాలంటే మనిషి నెత్తి మీదే వాలాలి. కుక్క కాలెత్తాలంటే మూడు ఆమడలు నడిచి పోవాలి. కనుచూపు మేరా ఉప్పుమడులు, ముప్ఫై గుడిసెలు, వాటి మధ్య ఒకే ఒక చెలమ. చుట్టూ ఉప్పు కషాయమే అయినా, ఇసకలో తవ్విన ఆ గుంటలో మాత్రం కొబ్బరినీళ్లలాంటి ఊట. మోకులు పేనే నూకాలమ్మ వాళ్ల అత్తగారు, నెలలు నిండిన కడుపుతో, వట్టి చేతులతో తవ్వింది దాన్ని. ఆ ముప్ఫై ఇళ్ల గొంతులూ దానితోనే తడవాలి. అది కాదంటే మంచినీటి ఏరు ఆరు కోసుల దూరం.

రాజు ఆ నీళ్లు ఒక్క గుక్క తాగాడు. "అమృతం! ఇంతటి అమృతాన్ని ఉప్పుతట్టలు మోసేవాళ్లు తాగడమా? నేటి నుంచి ఈ చెలమ మా జలకాలాటకే. అన్యులు ముట్టరాదు. చెక్కండి శాసనం!" అన్నాడు.

శిల్పులు వెంటే ఉన్నారాయె. జాము గడిచేసరికి నల్లరాయి తయారైంది. పైన సూర్యుడు, చంద్రుడు, కింద అక్షరాలు. దాన్ని బండి మీదకి ఎక్కించడానికి ఏనుగు మూడుసార్లు కూర్చుని లేచింది.

రాజుగారి పక్కన వేదండభట్టు అనే ఆస్థాన పండితుడున్నాడు. ఆయన గ్రంథాల పెట్టె ఒక్కటే ఆరు ఎద్దులు లాగుతాయి. ఆ పెట్టెలో లేనిది భూమ్మీద లేదని ఆయన నమ్మకం.

"మహారాజా, తొందర వద్దు" అన్నాడు భట్టు. "రాతి మీద చెక్కిన సూర్యచంద్రులే శాసనానికి సాక్షులు. నేడు పున్నమి. సాయంకాలం పడమట సూర్యుడు దిగుతూ, తూర్పున చంద్రుడు లేస్తూ ఉన్న ఘడియలో ఈ రాయి నిలబడాలి. ఇద్దరూ దీన్ని చూడాలి. అప్పుడే ఇది ఆచంద్రార్కం చెల్లుతుంది. ఆ ఘడియ తప్పితే మళ్లీ ఏడాదికి గాని ముహూర్తం లేదు."

గుంపులో నిలబడి వింటున్న నూకాలమ్మకి గుండెలో రాయి పడ్డట్టయింది. పక్కనున్న ఆడంగులు, "అత్తా, ఏం చేద్దామే? రేపటి నుంచి పిల్లల నోట్లో ఏం పోద్దాం?" అని ఏడుపు మొదలెట్టారు.

"ఏడవకండే. ఉన్న కాస్త నీళ్లూ కళ్లలోంచే పోయేలా ఉన్నాయి" అంది నూకాలమ్మ. అంది గానీ, దాని బుర్రలో అప్పటికింకా ఏమీ తోచలేదు.

సాయంత్రం దాకా ఏం చేయాలి? రాజుకి కునుకు ముంచుకొచ్చింది. "ఉయ్యాల!" అని కేకేశాడు.

చెట్టేదీ?

"చెట్టు లేకపోతే గుంజ" అన్నాడు భట్టు. డేరా గుంజలు రెండు తెప్పించి, పెట్టెలోంచి ఓ తాటాకు తీసి చదివి, ఇసకలో నిలువునా, మంత్రించిన మేకుల్లా పాతించాడు. ఉయ్యాలని వీణ తీగలా బిగించి కట్టించాడు. "ప్రభువు పాన్పు వంగరాదు!"

రాజు ఎక్కాడు. రెండు గుంజలూ, చాలాకాలానికి కలిసిన అక్కచెల్లెళ్లలా, ఒకదాని మీదకొకటి వాలి కౌగిలించుకున్నాయి. ఆ మధ్యలో రాజు, వలలో పడ్డ తిమింగలంలా, దబ్బున! ఆ దెబ్బకి సముద్రం రెండు బారలు వెనక్కి పోయిందంటారు.

మళ్లీ పాతారు. ఈసారి ఇంకా లోతుగా, ఇంకా బిగువుగా. మళ్లీ దబ్బున.

గుంపులోంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవర్రా అది?" రాజు వలలోంచే గర్జించాడు. మీసం ఒకటి వలకన్నులోంచి బయటికొచ్చి ఊగుతోంది.

"నేనే మారాజా" అంటూ నూకాలమ్మ ముందుకొచ్చి దణ్ణం పెట్టింది. "నవ్వింది మీ మీద కాదు. ఆ గుంజల మీద. తాడు సంగతి తెలియనివాళ్లు పాతిన గుంజలు."

"శాస్త్రాన్నే ఎగతాళి చేస్తావా, మోకులు పేనేదానా!" భట్టు ఎగిరిపడ్డాడు.

"అయ్యోరూ, మీ శాస్త్రం ఏ నేల మీద రాశారో గానీ, ఇసక మీద మాత్రం కాదు."

రాజు లేచి ఇసక దులుపుకున్నాడు. దులిపిన ఇసక ఓ చిన్న దిబ్బయింది. "అయితే నువ్వే కట్టు. నేను పడ్డానా, నీ ముప్ఫై కొంపలూ పీకించి పర్ర దాటిస్తా. పడకపోతే మెచ్చుకుంటా. కట్టడానికి ఏం కావాలి నీకు?"

అప్పుడు మెరిసింది నూకాలమ్మ బుర్రలో. బండి మీద ఎండకి నిగనిగలాడుతున్న నల్లరాయిని ఒక్కసారి చూసి, చప్పున కళ్లు దించుకుంది.

"గుంజలున్నాయి, మోకులున్నాయి మారాజా. కావలసింది బరువు. గుంజ తల నుంచి వెనక్కో మోకు కట్టి, దాని కొసకి బరువైనదేదో కట్టి ఇసకలో పాతాలి. మా పర్రలో ఉప్పు తప్ప బరువైందేముంది?"

"ఓస్, ఇంతేనా? నా సామానులో ఏది బరువైతే అది తీసుకుపో! ఎవరూ అడ్డు చెప్పరాదు. ఇది నా మాట. నా మాట నేను కూడా తిప్పుకోలేను!" అని మీసం దువ్వి, రాజు చెలమ దగ్గర జలకాలాటకి వెళ్లాడు. నెత్తిన నీళ్లు పోస్తుంటే పక్కన కళ్లు మూసుకుని మంత్రాలు చదవడానికి భట్టూ వెళ్లాడు.

నూకాలమ్మ తిన్నగా ఏనుగు దగ్గరికి నడిచింది. "మావటి బాబూ, రాజుగారి సామానులో అన్నిటికన్నా బరువైందేది?"

"ఈ రాయే. మా ఏనుగుకి ఆయాసం పట్టుకుంది."

"అయితే లాక్కురా."

మావటి నోరు తెరిచాడు. అందులోంచి ఓ పావురం దూరి వెళ్లొచ్చు. "తల్లీ! అది శాసనం!"

"బరువైందా కాదా?"

"బరువైందే..."

"మరి రాజుగారి మాట నీ చెవిన పడలేదా? ఎదురు చెబుతావా?"

మావటి ఏనుగు వంక చూశాడు. ఏనుగు ఎటో చూసింది. ఇంకేముంది, రాయి కదిలింది.

నడుం లోతు గొయ్యి తీయించి, రాతిని గోతిలో అడ్డంగా పడుకోబెట్టింది నూకాలమ్మ. దాని నడుముకి మోకు చుట్టి, మోకు కొసని గుంజ తలకి కట్టి, ఇసక పోసి, ఊళ్లో ఆడాళ్లందరి చేతా తొక్కించింది. అంత ఆనందంగా ఏ పెళ్లిలోనూ ఎవరూ చిందులేసి ఉండరు. రెండో గుంజకి రెండో బరువు కావాలిగా? రాయి తర్వాత బరువైంది భట్టుగారి పెట్టె. అదీ అలాగే పడుకుంది. గుంజల తలలు రెండూ ఎడమొహం పెడమొహంగా బయటికి వాల్చింది. ఉయ్యాలని అరటికాయలా వంపు తిరిగేలా వదులుగా కట్టింది.

రాజు వచ్చి చూసి మొహం చిట్లించాడు. "ఇదేమిటి, ఇంత వంపు? నేను వంగి పడుకోవాలా?"

"మారాజా, తాడు బిగిస్తే గుంజ వంగుతుంది. వదిలితే మీరు వంగుతారు. ఎవరో ఒకరు వంగక తప్పదు. గుంజ వంగితే ఏమవుతుందో రెండుసార్లు చూశారుగా?"

రాజు నడుం తడుముకుని ఎక్కాడు. గుంజలు కిర్రుమన్నాయి. మోకులు బిగుసుకున్నాయి. ఇసక ఒక్క రేణువు కదలలేదు.

"ఆహా!" అన్నాడు రాజు. "తల్లి ఒళ్లోలా ఉంది."

"ఒకే ఒక్క భయం మారాజా" అంది నూకాలమ్మ చేతులు నలుపుకుంటూ. "మీరు నిద్దరలో ఉండగా ఏ తెలివితక్కువవాడో వచ్చి వెనక పాతినవాటిని తవ్వితే?"

"తవ్వినవాడి తల నేల మీదుంటుంది! రాసుకో భట్టూ!" అన్నాడు రాజు. ఆ మాట సగంలోనే గుర్రు మొదలైంది. ఆ గుర్రుకి ఉప్పుమడుల్లో నీళ్లు అలలు కట్టాయి. భట్టు నడుముకి దోపుకున్న తాటాకు తీసి శ్రద్ధగా రాసుకున్నాడు.

పొద్దు వాలింది. పడమట ఎర్రటి సూర్యుడు నేలకి జానెడు ఎత్తున నిలిచాడు. తూర్పున సముద్రం మీద తెల్లటి గీత. భట్టు ముహూర్తం చూసి బండి దగ్గరికి పరిగెత్తాడు. బండి ఖాళీ.

"మహారాజా! శాసనం మాయం! నా పెట్టె కూడా!"

రాజు ఉలిక్కిపడి లేచాడు. లేచాడంటే, కళ్లు మాత్రమే లేచాయి. వల ఆయన్ని ముద్దగా చుట్టేసుకుంది మరి. "ఎక్కడ నా రాయి?"

"ఎక్కడికీ పోలేదు మారాజా, మీ సేవలోనే ఉంది" అంది నూకాలమ్మ. "ఆ గుంజ వెనక, నడుం లోతున పడుకుని మిమ్మల్ని మోస్తోంది. సామానులో ఏది బరువైతే అది తీసుకోమన్నారుగా? ఈ వైపు మోస్తున్నది భట్టుగారి శాస్త్రాలు."

"తవ్వండి! తవ్వండి!" భట్టు గంతులేశాడు.

భటులు పారలెత్తారు. నూకాలమ్మ అడ్డం పడలేదు. "తవ్వండి నాయనా. తవ్వేముందు, అయ్యోరు మధ్యాహ్నం రాసుకున్న ఆజ్ఞ ఒక్కసారి పైకి చదివితే సరి" అంది.

భట్టు చదివాడు. చదువుతూ చదువుతూ చివరి మాట దగ్గర తన మెడ తనే పట్టుకున్నాడు. భటుల పారలు వాటంతటవే కింద పడ్డాయి.

"నేనే తవ్వుతా!" అన్నాడు రాజు.

"దిగండి మారాజా."

రాజు కుడివైపు దొర్లాడు. ఉయ్యాల ఎడమవైపు దొర్లింది. కాలు చాపితే చెయ్యి ఇరుక్కుంది, చెయ్యి తీస్తే మీసం చిక్కుకుంది. వెల్లకిలా పడ్డ తాబేలు కూడా అంత కష్టపడి ఉండదు. ఈలోగా సూర్యుడు, ఇంకెంతసేపు చూడను అన్నట్టు, దిగిపోయాడు. చంద్రుడు లేచి, పర్రంతా కలయజూశాడు. చూడటానికి రాయి లేదు.

ఆడంగుల్లో ఎవరో తెలియకుండానే బిందె తట్టారు, టంగుమని.

రాజు మొహం ఎర్రబడింది, నల్లబడింది. నూకాలమ్మ ఉయ్యాల దగ్గరికొచ్చి, చిక్కుపడ్డ మీసాన్ని మెల్లగా విడదీస్తూ అంది: "మారాజా, కోపం వద్దు. ఇన్నేళ్లూ మీ శాసనాలని జనం మోశారు. ఇవాళ మొదటిసారి ఒక శాసనం మిమ్మల్ని మోసింది. నిజం చెప్పండి, నిద్దర బాగా పట్టలేదా?"

రాజు ఆలోచించాడు. నిజమే. అంత నిద్ర పట్టాభిషేకం నాటి నుంచీ ఎరగడు. ముందు మీసాలు వణికాయి. తర్వాత పొట్ట కదిలింది. ఆపైన పగలబడి నవ్వాడు. ఏడు ఊళ్ల అవతల దూడలు తాళ్లు తెంపుకున్నాయి. ఆ నవ్వుకి ఉయ్యాల ఊగిపోయింది గానీ, గుంజలు మాత్రం అంగుళం కదలలేదు.

"గెలిచావు పోవమ్మా!" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "చెలమ మీ ఊరిదే. నీకు పట్టుచీర, మెడకి బంగారు కంటె, ఏటేటా నా ఉయ్యాల కట్టే హక్కు. నీ తర్వాత నీ వాళ్లకి. ఉండు, ఇది శాసనం చెక్కించి ఇస్తా."

"వద్దు మారాజా, మాట చాలు" అంది నూకాలమ్మ. "రాయి ఇచ్చారంటే, ఏ గుంజకి కడదామా అని మళ్లీ నా చేతులు ఊరుకోవు!"

ఆ రాయి ఇప్పటికీ ఇసకలోనే పడుకుని ఉంది. పెట్టె కూడా. ఉప్పు పట్టడం మూలాన ఒక్క తాటాకుకీ చెద పట్టలేదట. భట్టుగారి శాస్త్రాలకి అంత మేలు ఇంకెవరు చేస్తారు? ఆ పర్రలో ఆడవాళ్లు ఈనాటికీ పసిపిల్లకి ఉయ్యాల కట్టేటప్పుడు, తాడు ఓ జానెడు వదులుగా వదిలి, "కాస్త రాజుగారిని వంగనివ్వండే" అని నవ్వుకుంటారు.